ఇసుక మూటకు బదులు బావ

ఊరందరికీ ఆవిడ అక్క. వయసులో పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా బండి మొరాయించిందంటే చాలు, "అక్కా, ఒకసారి చూడవూ" అంటూ షెడ్డు ముందు వాలిపోతారు. ఆ లెక్కన ఆవిడ మొగుడు ఊరందరికీ బావ అయి కూర్చున్నాడు. బావ అనిపించుకున్నాక ఇంకేముంది, ఆటపట్టించే హక్కు అందరికీ దానంతటదే వచ్చేసింది. బావ దానికి నొచ్చుకునే రకం కాదు. తనను ఏడిపిస్తున్న మనిషి బండి సీటునే మిషను మీద పెట్టి కుడుతూ, వాళ్ళతోపాటు తనూ నవ్వుతాడు. కుట్టు మాత్రం వంకర పోదు.

షెడ్డు ఒకటే గాని అందులో వ్యాపారాలు రెండు. వీధివైపు సగం బావది. బరువైన కుట్టుమిషను, రెక్సిన్ చుట్టలు, మందంపాటి స్పాంజి పలకలు, బావ మెడలో ఎప్పుడూ వేలాడే కొలత టేపు అక్కడి సరంజామా. బండ్ల సీట్లు కుట్టడం అతని వృత్తి. లోపలి సగం అక్కది. అక్కడ గోడ నిండా స్పానర్లు, మధ్యలో ఎప్పుడు చూసినా ఒకటో రెండో విప్పేసిన క్వాడ్లు. క్వాడ్ అంటే మోటారు సైకిలుకు అన్నగారన్నమాట. అదే హ్యాండిలు, అదే సీటు, కింద మాత్రం లావుపాటి టైర్లు నాలుగు. రోడ్డుతో దానికి పనిలేదు. బురదైనా, ఇసుకైనా, రాళ్ళగుట్టైనా ఎక్కి దిగుతుంది. తోటల యజమానులు, గొర్రెల కాపరులు, క్వారీ మేస్త్రీలు, ఆదివారం సరదాగా కొండలెక్కి సోమవారం నడుం పట్టుకుని వచ్చేవాళ్ళు, అందరి బండ్లకూ ఆసుపత్రి ఆ లోపలి సగమే.

కొత్తగా వచ్చినవాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. వీధివైపు మగమనిషి కనిపించగానే ఇంజను గోడంతా అతనికే వెళ్ళబోసుకుంటారు. పొగ ఎప్పుడొస్తోందో, చప్పుడు ఏ గేరులో మొదలవుతోందో వివరంగా చెబుతారు. బావ మధ్యలో ఆపడు. వాళ్ళు అలిసిపోయేదాకా శ్రద్ధగా తల ఊపి, చివరికి చెబుతాడు.

"మీరు కూర్చునే చోటు వరకే నా వైద్యం. దానికింద ఉన్నదంతా ఆవిడది."

ఆ మాట అనడం అతనికి ఎంత ఇష్టమంటే, అందుకోసమే వాళ్ళను అంతసేపు మాట్లాడనిస్తాడేమో అని నా అనుమానం. ఆ తర్వాత మిషను ఆపేసి మరీ చూస్తుంటాడు. ఆవిడ పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. ఒకసారి గొర్రెలాయన క్వాడ్‌కు రెండు షాపులవాళ్ళు ఇంజను విప్పి మూసి, కొత్తది వేయాల్సిందేనని తేల్చేశారు. ఈవిడ అలాగే కాసేపు విని, చక్రాలు ఒక్కొక్కటీ లేపి తిప్పి చూసి, ఇంజను రాయిలా ఉంది, చప్పుడు ముందు ఎడమ చక్రం బేరింగుదని చెప్పింది. అరచేతిలో పట్టేంత బేరింగు. అది మార్చేసరికి బండి నోరు మూసుకుంది. ఆ కథ బావ ఇప్పటికి రెండొందల మందికి చెప్పి ఉంటాడు. ఇంట్లో మాత్రం ఆవిడ ముందు ఎప్పుడూ ఎత్తడు.

ఇంత మురిసిపోయే మనిషి ఇరవై రెండేళ్ళుగా ఒక్క పని మాత్రం చేయలేదు. ఆవిడ చేతిలో తయారైన ఏ బండీ ఎక్కలేదు.

దానికి ఊళ్ళో అందరికీ తెలిసిన కారణం ఉంది. పెళ్ళయిన కొత్తలో అక్క ఒక పాత కారును విప్పి, దాని ఇంజనుతో ఇసుకలో పరిగెత్తే బండి ఒకటి సొంతంగా కట్టింది. పైకప్పు లేదు, తలుపులు లేవు, ఇనప గొట్టాలు, నాలుగు చక్రాలు, అంతే. కారులో ముందుండే ఇంజనునూ గేరుబాక్సునూ ఇందులో వెనకవైపు పెట్టాలని, మొత్తాన్ని అటుది ఇటు తిప్పి బిగించింది. అలా తిప్పినప్పుడు లోపలుండే పెద్ద పళ్ళ చక్రాన్ని కూడా రెండో వైపుకు మార్చాలి. లేకపోతే చక్రాలు ఎదురు తిరుగుతాయి. ఆవిడ అది మరిచిపోయింది. రోజూ స్కూటర్లు బాగుచేసుకునేవాళ్ళకు అలాంటి తప్పు చేసే భాగ్యం కూడా కలగదు. బండి పుట్టించేవాళ్ళకే అది దక్కుతుంది.

మొదటి సవారీకి కొత్త మొగుడే కూర్చోవాలని వీధంతా పట్టుబట్టింది. బావ నవ్వుతూ వెనక పలక మీద కూర్చున్నాడు. అక్క మొదటి గేరు వేసి క్లచ్చి వదిలింది. బండి ముందుకు పోవాల్సింది కాస్తా వెనక్కి దూకింది. వెనకున్నది ముళ్ళ కంచె, దాని వెనక కాలవ. బండి కంచె దగ్గర ఆగింది గాని బావ ఆగలేదు. ఎడమ మణికట్టు విరిగి, ఆరు వారాలు మిషను ముట్టుకోలేదు. ఆ బండికి నాలుగు గేర్లు వెనక్కి, ఒకే ఒక్కటి ముందుకని తర్వాత లెక్క తేలింది.

అక్క వారంలో ఆ తప్పు దిద్దేసింది. బావ మణికట్టు కూడా అతుక్కుంది. అతుక్కోనిది లోపల విరిగిన ధైర్యం. బండి మీద కాలు వేయగానే కడుపులో ఏదో వెనక్కి లాగినట్టయ్యేది. అతను ఎవరికీ చెప్పలేదు. కుట్టాల్సిన సీటుందనీ, కాళ్ళు పట్టేశాయి కాస్త నడుస్తాననీ సాకులు చెప్పుకుంటూ వచ్చాడు. సాకులకు కరువు రాలేదు. ఊరు అడిగి అడిగి నవ్వింది. అక్క మాత్రం ఒక్కసారి కూడా ఎక్కమనలేదు. అతనికి బతుకులో అన్నిటికంటే సిగ్గనిపించేది అదే. ఆవిడ నవ్వి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాడు.

పోయిన ఏడాది కొండదళం వాళ్ళు షెడ్డుకు వచ్చారు. కొండల్లో కాలు విరిగినవాళ్ళనూ, జారిపడినవాళ్ళనూ కిందికి మోసుకొచ్చే బృందం అది. భుజాల మీద స్ట్రెచర్ పెట్టుకుని నాలుగు గంటలు నడవాలి. వానల్లో తుంటి విరిగిన ఒక మనిషిని దించేసరికి చీకటి పడింది, మనిషి దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. దాంతో రోగిని పడుకోబెట్టి తెచ్చే క్వాడ్ ఒకటి కావాలని నిర్ణయించుకున్నారు. పెద్ద ఊరి షాపు ఒకటి పంపిన బండిని మొదట పరీక్షించారు. దాని మీద పడుకున్న కుర్రాడు నెల రోజులు మెడకు పట్టీ వేసుకుని తిరిగాడు. ఆ తర్వాత దళం నాయకుడు, ఒకప్పటి క్వారీ మేస్త్రీ, అక్కను అడిగాడు. పరీక్షలో నెగ్గితే బండి దళానిది. ఓడితే మళ్ళీ వచ్చే ఏడాది దాకా ఆ మాటే ఉండదు, అప్పటిదాకా భుజాలే గతి.

ఎనిమిది నెలలు పట్టింది. మనిషిని వెనక పడుకోబెడితే ఎత్తెక్కేటప్పుడు బండి ముందు చక్రాలు లేస్తాయి. అందుకని వెనక ఇరుసును జానెడు వెనక్కి జరిపి, బ్యాటరీనీ, తాడు చుట్టుకుంటూ బండిని లాగే మరనూ ముందు బంపరు మీదికి తెచ్చింది. ఇంజను దగ్గరి పళ్ళ చక్రం తీసేసి దానికంటే చిన్నది వేసింది. ఇప్పుడు బండి మనిషి నడకకంటే నెమ్మదిగా పోగలదు, కానీ ఏ ఎత్తయినా ఎక్కుతుంది. స్ట్రెచర్ కింద నాలుగు మూలలా పాత స్కూటర్ల షాకబ్జార్బర్లు పెట్టింది. పెద్ద బండ్లవైతే మనిషి బరువుకు కదలనే కదలవు. ఇది తెలుసుకోవడానికి ఆవిడకు మూడు నెలలు పట్టింది, మూడు రకాలు పనికిరాకుండా పోయాయి.

ఆ షెడ్డులో ఒక పద్ధతి ఉంది. నట్టు బిగించాక దాని మీద నుంచి బోల్టు మీదికి తెల్లరంగుతో సన్నటి గీత గీస్తారు. నట్టు వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది, వంగి చూస్తే చాలు. బిగింపు అక్కది. గీత బావది. సూదిలో దారం ఎక్కించే చెయ్యి కదా, వణకదు. ఈ బండికి తొంభై ఆరు గీతలు గీశాడు. స్ట్రెచర్ మీది పరుపు కూడా తనే కుట్టాడు. బండి ఎక్కడు గాని, ఆ బండిలో ఏ నట్టు ఎక్కడుందో అక్క తర్వాత తెలిసిన మనిషి అతనొక్కడే.

పరీక్ష రోజు పొద్దున్నే అందరూ కొండ మొదట్లో చేరారు. అక్క క్వాడ్ మీద వచ్చింది, బావ దళం వాళ్ళ వ్యానులో వచ్చాడు. పాత క్వారీ దారి అది. ఒకవైపు నిట్టనిలువు రాయి, రెండోవైపు లోయ, వెడల్పు బండి పట్టేంత. మొదట స్ట్రెచర్ మీద మనిషి బరువుకు సరిపడా ఇసుక మూటలు కట్టారు. అక్క పైదాకా వెళ్ళి, అక్కడి చదునులో తిప్పుకుని దిగివచ్చింది. మూటలు బెత్తెడు కూడా జారలేదు. నాయకుడి మొహం విప్పారింది. బావ అయితే తనే కట్టినట్టు కట్లు ముట్టుకుని చూసుకుంటున్నాడు.

దళంలోని నర్సు ముందుకు వచ్చింది. మెడకు పట్టీ పడిన కుర్రాడికి కట్టు కట్టింది ఆవిడే. మాటలో తేడా రానివ్వని మనిషి.

"బండి బాగుంది. కానీ మూటకు నడుం నొప్పి రాదు, వచ్చినా చెప్పదు. ఎవరైనా పడుకుని పైకెళ్ళి వచ్చి నాకు చెప్పాలి. లేకపోతే నేను సంతకం పెట్టను" అంది.

నాయకుడు తన మనుషుల వంక చూశాడు. తాడు పట్టుకుని లోయలోకి దిగేవాళ్ళు వాళ్ళు. అయినా ఒకడు బూటు లేసు సరిచూసుకున్నాడు, ఒకడికి ఆకాశంలో ఏదో కనిపించింది. మెడపట్టీ కుర్రాడు వాళ్ళ స్నేహితుడే మరి. పిల్లి మెడలో గంట కట్టాలని అందరికీ ఉంది, కట్టేవాడే లేడు. ఇంకొకరోజు చూద్దామా అని నాయకుడు గొణిగాడు. ఆ ఇంకొకరోజు వచ్చే ఏడాదేనని అక్కడున్న అందరికీ తెలుసు.

అక్క వంగి చక్రాల దగ్గరి గీతలు చూసుకుంటోంది. బావ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే అతను ఎప్పటిలాగే ఏదో ఒక సాకు వెతుక్కునేవాడేమో. ఆవిడ చూడకపోవడమే అతన్ని నిలవనివ్వలేదు. ఎనిమిది నెలల పని ఆ దారి మొదట్లో మనిషి కోసం ఎదురుచూస్తూ నిలబడింది, దాని ప్రతి నట్టు మీదా తన గీత ఉంది. నేను గీసిన గీతను నేనే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారనిపించింది అతనికి.

మెడలోని కొలత టేపు తీసి నర్సు చేతిలో పెట్టాడు.

"మూటలు దించండి" అన్నాడు.

వీధిలో అయితే ఈపాటికి నలుగురు ఈలలు వేసేవారు. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. బావ తల బండి ముందువైపు పెట్టి వెల్లకిలా పడుకున్నాడు. గుండె స్పాంజిని కూడా కదిలించేంత గట్టిగా కొట్టుకుంటోంది. పట్టీలు బిగించడానికి వచ్చిన అక్క అతని మీదికి వంగి, మరొకరికి వినపడకుండా అడిగింది.

"ఏవండీ, వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండి. నేనేమీ అనుకోను."

"మొదటి గేరు ముందుకే పోతుందిగా?"

"పోతుంది. నాలుగుసార్లు చూశాను."

"ఇంకేం మరి" అన్నాడు బావ. 

బండి కదిలింది, ముందుకే. బావకు ఆకాశం, రాతి అంచు, తన తల వెనక అక్క వీపు తప్ప ఏమీ కనిపించడం లేదు. కళ్ళు మూసుకుని నట్లు లెక్కపెట్టుకున్నాడు. కుడి వెనక షాకబ్జార్బరుకు నాలుగు, ఎడమకు నాలుగు, ఇరుసుకు పన్నెండు. చక్రం రాయి ఎక్కినప్పుడల్లా కింద ఇనుము ఊగుతోంది, తను మాత్రం ఊగడం లేదు. ముప్ఫై ఆరు దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. భయం తగ్గడం వల్ల లెక్క తప్పిందని అతనికి కాసేపటికి గాని తట్టలేదు.

మూడో మలుపు దగ్గర బండి ఆగింది. ఇందాక మూటలతో పోయినప్పుడు లేని బండరాయి ఒకటి పైనుంచి దొర్లి దారికి అడ్డంగా పడి ఉంది. పక్కనుంచి పోవడానికి చోటు లేదు, బండి తిప్పడానికి అంతకన్నా లేదు. వెనక నడిచి వస్తున్న నాయకుడు, బావను విప్పి దించేద్దాం, బండి తర్వాత చూసుకోవచ్చని కేకేశాడు. వద్దంది అక్క. నిజంగా తుంటి విరిగిన మనిషైతే దించి నడిపిస్తారా అని అడిగింది. 

ఆవిడ సీటు మీద నుంచి బావ వైపు తిరిగింది.

"ఏవండీ, వెనక్కి పోవాలి."

ఇరవై రెండేళ్ళుగా అతను తప్పించుకు తిరిగిన మాట అదే.  ముళ్ళ కంచె, కాలవ, విరిగిన మణికట్టు అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. అక్క తొందరపెట్టలేదు. అతను వద్దంటే దించేసేదే.

"ఈసారి తెలిసే పోతున్నాంగా. పద" అన్నాడు.

ఆవిడ రివర్సు వేసింది. కాళ్ళు ఆన్చే పలకల మీద లేచి నిలబడి, బరువంతా ముందుకు వేసి, మొహం భుజం మీదుగా వెనక్కి తిప్పింది. దాంతో ఆవిడ మొహం సరిగ్గా బావ మొహం పైకి వచ్చింది, తలకిందులుగా. ఆవిడ అతన్ని చూడటం లేదు. అతని మీదుగా దారిని చూస్తోంది. చూపు ఎడమ చక్రం నుంచి కుడి చక్రానికి, కుడి నుంచి ఎడమకు పోతోంది. గడ్డం మీద గ్రీజు మరక. పెదవి మూల నాలుక కొస బయటికి వచ్చి ఉంది. బ్రేకు మీద రెండు వేళ్ళు ఆనీ ఆనకుండా ఉన్నాయి. ఇంజనే బండిని పట్టి ఆపుతోంది. రాళ్ళు టైర్ల కిందనుంచి లోయలోకి జారుతున్న చప్పుడు బావకు వినిపిస్తోంది. ఆవిడ కనురెప్ప కూడా వేయడం లేదు.

ఇన్నేళ్ళూ అదే షెడ్డులో ఉన్నా, ఆవిడ పనిచేస్తున్నప్పుడు అతను చూసింది వంగిన వీపునే. పనిలో ఉన్న ఆ మొహాన్ని ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. తను ఇన్ని రోజులు ఊరికి కథలు కథలుగా చెప్పింది ఇందులో పావు వంతు కూడా కాదని అర్థమైంది. ఈవిడ నా భార్య అని ఆ కొండకు చెప్పాలనిపించింది. పట్టీలు బిగించి ఉండబట్టి గాని లేచి చెప్పేవాడే. కళ్ళల్లో నీళ్ళు తిరిగి చెవుల్లోకి కారాయి. తుడుచుకుందామంటే చేతులు కూడా పట్టీల కిందే ఉన్నాయి.

మూడు మలుపులూ దిగాక బండి కొండ మొదట్లోని చదునుకు వచ్చి ఆగింది. పైదాకా పోలేదు గాని, ఇలా వెనక్కి దిగిరావడం అంతకంటే పెద్ద పరీక్షేనని నాయకుడు అన్నాడు. నర్సు పరుగున వచ్చి పట్టీలు విప్పుతూ, బావ చెంపలు తడిసి ఉండటం చూసి కంగారుపడింది. నడుం ఎలా ఉందని అడిగింది. ఉన్నచోటే ఉందన్నాడు బావ. మెడ తిప్పమంటే తిప్పాడు. కాళ్ళు మడవమంటే మడిచాడు. ఆవిడ నిలబెట్టి వేళ్ళతో వెన్నుపూసలన్నీ నొక్కి చూసి, చివరి ప్రశ్న వేసింది.

"నిజం చెప్పండి. ఎక్కడైనా నొప్పి ఉందా?"

"ఉంది" అన్నాడు బావ.

నాయకుడు రాస్తున్న కలం ఆపేశాడు. హ్యాండిలు మీద అక్క చెయ్యి అలాగే ఉండిపోయింది. బావ చొక్కా జరిపి ఎడమ భుజం వెనక చూపించాడు. అక్కడ బెత్తెడు పొడుగున ఎర్రగా గీరుకుపోయి ఉంది.

"పరుపు కుట్టు గుచ్చుకుంది. మడత లోపలికి వేయాల్సింది పైకి వేశాను. ఆ తప్పు నాది. బండిలో వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు" అన్నాడు.

సీట్లు కుట్టేవాడు తన కుట్టును తనే తప్పుపట్టడం ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. నర్సు ఆ గీరును వేలితో తాకి చూసి సంతకం పెట్టింది. నాయకుడు కాగితం మీద రెండే ముక్కలు రాశాడు: బండి తీసుకోవచ్చు. పరుపు మళ్ళీ కుట్టించాలి. ఆ కాగితం ఈరోజుకీ బావ కుట్టుమిషను పైన పటం కట్టి ఉంది. కొత్తవాళ్ళు పొరపాటున ఇంజను గోడు మొదలుపెడితే ఇప్పుడు మాట్లాడకుండా వేలితో దాన్ని చూపిస్తాడు. రెండో ముక్క కూడా చదవమంటాడు.

ఆరోజు స్ట్రెచర్‌నూ పరుపునూ విప్పి వ్యానులో పెట్టారు. డ్రైవరు బావ కోసం ముందు సీటు ఖాళీగా ఉంచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. బావ ఆ తలుపు దాకా వెళ్ళి, దాన్ని మూసి, క్వాడ్ దగ్గరికి తిరిగి వచ్చాడు. అక్క సీటు మీద కొంచెం ముందుకు జరిగింది. అతను ఎక్కి వెనక కూర్చున్నాడు.

"నువ్వు ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా ఎక్కమనలేదు" అన్నాడు.

"అడిగితే ఎక్కేవారా?"

బావ నిజాయితీగా ఆలోచించాడు.

"లేదు."

"అందుకే అడగలేదు" అంది ఆవిడ. మొదటి గేరు వేసి క్లచ్చి వదిలింది. బండి ముందుకు కదిలింది.